బండి మరిచిపోయిన రిమోట్

రిమోట్ జిగురు డబ్బాలో పడింది.

చొక్కా పైజేబులో వస్తువు పెట్టుకుని వంగొద్దని వడ్రంగికి అతని ఇల్లాలు పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. పాతికేళ్ళుగా అతను వింటూనే ఉన్నాడు, వంగుతూనే ఉన్నాడు. ఆ మంగళవారం ఒకరింట్లో అలమర పలకలు అతికిస్తూ వంగాడు. బుడుంగుమంది. పుల్లతో కెలికి బయటికి తీసేసరికి తెల్లటి ముద్ద. తుడిచాడు, ఎండలో పెట్టాడు, నొక్కి చూశాడు. బటన్ లోపలికి పోయింది గాని మళ్ళీ పైకి రాలేదు.

పలకలు దింపడానికి బండి వెనక తలుపు తీసే ఉంచాడు కాబట్టి బతికిపోయాడు. ఆ బండికి తాళంచెవి వేరు, రిమోట్ వేరు. తాళంచెవి ఇంజన్ నడపడానికే పనికొస్తుంది. డ్రైవర్ తలుపుకున్న కన్నంలో ఎవరిదో విరిగిన తాళంచెవి ముక్క ఇరుక్కుని ఉంది. వీళ్ళు కొనేనాటికే ఉంది. తలుపు తియ్యాలన్నా వెయ్యాలన్నా రిమోటే దిక్కు.

వీళ్ళు అంటే అన్నదమ్ములు. అన్న పైపుల పని చేస్తాడు. వీధిలో అందరూ పైపులాయన అంటారు. తమ్ముడు వడ్రంగి. ఒకే ఇల్లు, కింద అన్న, పైన తమ్ముడు, మధ్యన పద్దెనిమిది మెట్లు. బండి ఇద్దరూ కలిసి కొన్నది. సోమ, బుధ, శుక్రవారాలు అన్నవి. మంగళ, గురు, శనివారాలు తమ్ముడివి. ఆదివారం బండికి సెలవు. చెరో తాళంచెవి, చెరో రిమోట్.

ఇద్దరికీ మాటలు లేక నాలుగేళ్ళు. అన్న సామాను గదికి తమ్ముడు తలుపు చేసిచ్చాడు. వానలకి అది ఉబ్బి పట్టేసింది. అన్న తమ్ముణ్ణి పిలవకుండా, దారినపోయే ఇంకో వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించాడు. "నేను చేసిన తలుపు మీద పరాయివాడి చిత్రికా" అన్నాడు తమ్ముడు. "నాకు తలుపు తెరుచుకోవాలి, నీ పేరు నాకెందుకు" అన్నాడు అన్న. అంతే, అక్కణ్ణించి ఇద్దరూ మూగనోము పట్టారు. బండిలో డీజిల్ ఎంతుందో, బ్రేకులు ఎలా ఉన్నాయో వదినే మెట్లెక్కి చెప్పి, మెట్లు దిగి చెప్పేది.

పని అయ్యాక వడ్రంగి తాళం పడని బండిని తోలుకుంటూ స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళాడు. షాపువాడు రిమోట్ ముద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటిది మేస్త్రీ, దీన్ని కూడా అలమరకి అతికించారా?"

"కొత్తది ఇవ్వు."

"ఇస్తా. కాని కొత్తది నొక్కగానే పలకదు. బండికీ దానికీ పరిచయం చెయ్యాలి. షోరూమ్‌కి పోతే వారం తిప్పుతారు. ఇంటి దగ్గర మీరే చేసుకోవచ్చు." వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "బండెక్కి తలుపులన్నీ వేసుకోండి. తాళంచెవి పెట్టి ఆఫ్ నుంచి ఆన్‌కి ఎనిమిదిసార్లు తిప్పండి. పది సెకన్లలో అయిపోవాలి. ఎనిమిదోసారి ఆన్‌లోనే వదిలెయ్యండి. తలుపుల తాళాలు వాటంతటవే టక్కుమంటాయి. అప్పుడు రిమోట్ నొక్కండి. మళ్ళీ టక్కుమందంటే ఒప్పుకున్నట్టు."

"సరే."

"ఇంకోటి. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ అదే ఊపులో నొక్కాలి. ఆ పూట నొక్కనిదాన్ని బండి మరిచిపోతుంది."

వడ్రంగి విన్నాడు. వినకపోవడం కాదు. ఇంటికొచ్చి గేటు ముందు బండి ఆపి, కింది వాటా వైపు చూశాడు. తలుపు తీసే ఉంది. లోపల గోడ మేకుకి అన్న రిమోట్ వేలాడుతూ కనబడుతోంది. పట్టుమని పదడుగులు. ఆ పదడుగులు వేస్తే నోరు విప్పాలి. వదినేమో కొళాయి దగ్గరికి నీళ్ళ కోసం వెళ్ళింది. బండికి తాళం పడకుండా వీధిలో వదిలితే లోపలున్న రంపాలూ ఉలులూ తెల్లారేసరికి ఉండవు. షాపువాళ్ళు సవాలక్ష చెబుతారు, బండి మరిచిపోవడమేమిటి, అదేమన్నా ముసలిదా, అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి హాయిగా ఉంది.

బండిలో కూర్చుని తలుపులు వేసుకున్నాడు. అతని కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ మొదటి కణుపు దాకా రంపం ఎప్పుడో తినేసింది. ఆ చేత్తో తాళంచెవి గబగబా తిప్పడం మాటలు కాదు. మొదటిసారి అయిదు దగ్గర జారింది. రెండోసారి ఇంజనే స్టార్టయింది. తొమ్మిదో ప్రయత్నానికి చెమట కారుతుండగా తలుపులు టక్కుమన్నాయి. కొత్త రిమోట్ నొక్కాడు. మళ్ళీ టక్. దిగి, తాళం వేసి, తీసి, మళ్ళీ వేసి, కొండెక్కినవాడిలా మెట్లెక్కాడు.

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పిట్టగోడ మీంచి కిందికి చూస్తే అన్న బండి దగ్గర నిలబడి ఉన్నాడు. భుజాన పైపుల కట్ట, చేతిలో రిమోట్. నొక్కుతున్నాడు. బండి ఉలకలేదు, పలకలేదు. దగ్గరికెళ్ళి అద్దానికి ఆనించి నొక్కాడు. విదిలించి నొక్కాడు. పొట్ట విప్పి బ్యాటరీ తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టి నొక్కాడు.

వడ్రంగి నోట్లో నురుగు నోట్లోనే ఉంది. గబగబా లోపలికి వెళ్ళి కొత్త రిమోట్ ఇల్లాలి చేతిలో పెట్టాడు.

"ఇది బావగారికి ఇచ్చిరా. పొరపాటైందని చెప్పు."

ఆవిడ దిగింది. పైకి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"బావగారూ, ఇది తీసుకోండి. నిన్న కొత్త రిమోట్ కలుపుతుంటే మీది పోయిందట. పొరపాటు."

"పొరపాటున తాళం మారుతుందామ్మా?" అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "పొరపాటున గ్లాసు పగులుతుంది. ఒకళ్ళ దయ మీద తెరుచుకునే బండి నాకొద్దు. పట్టుకెళ్ళి వాడికే ఇచ్చెయ్యి."

ఇంట్లోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి, పైపుల కట్ట ఎగేసుకుని బస్సు కోసం నడిచాడు. ఆయన ఎడమ మోకాలు అంతంతమాత్రం. వీధి మలుపు దాకా కుంటుతూ వెళ్ళడం వడ్రంగి చూశాడు. పుక్కిలించడం మరిచిపోయాడు.

అరగంటకి వదిన పైకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం మరిదీ, బండి ఎప్పుడు మింగావు? అరిగిందా?"

"వదినా, నువ్వు కూడానా."

"నేనన్నానంటే వీధంతా అన్నట్టే. పొద్దున్న ఎదురింటావిడ చూసింది, కొళాయి దగ్గర అప్పుడే చెప్పేసుంటుంది. తమ్ముడు అన్న బండికి తాళం మార్చాడని. మీ అన్న బండి కాగితాలు బయటికి తీశాడు. జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాడు. సాయంత్రం వచ్చి తన భాగం నీ పేర రాసిచ్చేస్తాడట. ఇక బండి ముట్టడట."

వడ్రంగి లెక్క వేసుకున్నాడు. బండి తనొక్కడిదే అవుతుంది, వారానికి ఆరు రోజులూ తిరగొచ్చు. కాని అన్నది లాక్కున్నవాడిగా తిరగాలి. వీధి మాట అటుంచితే, అన్నే అలా అనుకుంటున్నాడు. ఆ కుంటి మోకాలితో బస్సెక్కిన ప్రతిరోజూ అలాగే అనుకుంటాడు.

"మళ్ళీ చెయ్యొచ్చు వదినా. రెండు రిమోట్లూ ఒకేసారి నొక్కితే రెండూ పనిచేస్తాయి. ఆయనది నాకు ఇప్పించు."

"నిన్న అది మేకుకే ఉంది కదా."

వడ్రంగి నేల చూశాడు.

"షాపువాడు ముందే చెప్పాడా?"

"చెప్పాడు."

"చెప్పాడా," అంది వదిన, ఇంకో మాట వస్తుంటే ఆపుకుని. "అదిప్పుడు ఆయన జేబులో ఉంది. చచ్చిందని తెలిసీ వదల్లేదు. అడిగితే ఇవ్వడు."

"నువ్వు అడుగు."

"నేనడగను. నాలుగేళ్ళు మీ ఇద్దరి మధ్యా టపా మోశాను. జీతం లేదు, భత్యం లేదు, ఇటు వస్తే నీ గొణుగుడు, అటు పోతే ఆయన గొణుగుడు. మెట్లెక్కి ఎక్కి నా మోకాళ్ళు కూడా ఆయన మోకాళ్ళే అయ్యాయి. ఈ ఉత్తరం నేను మొయ్యను. నోరుంటే అడుగు, లేకపోతే కాగితాల మీద సంతకం పెట్టు."

చెంగు దులుపుకుని దిగిపోయింది. తలుపు చాటునుంచి ఇల్లాలు అంది, "నా వైపు చూడకండి. నేనూ మొయ్యను."

వడ్రంగి ఆ రోజు పనికి వెళ్ళలేదు. ఎండ వాలినప్పటినుంచీ గేటు దగ్గర బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఏమని మొదలుపెట్టాలో పదిరకాలుగా అనుకున్నాడు. పదీ బాగానే ఉన్నాయి. మలుపు దగ్గర అన్న కుంటుతూ కనబడగానే పదీ ఎగిరిపోయాయి.

అన్న గేటు దాకా వచ్చాడు. తమ్ముణ్ణి చూడనట్టే పక్కకి జరిగాడు.

"అన్నా. రిమోట్ తీసుకుని బండెక్కు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

అన్న ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"నిన్న ఒక్కడివే చేశావుగా."

"అందుకే చెడింది."

ఎదురింటి కిటికీ తెర కదిలింది. అన్న దాన్ని చూశాడు.

"ఆ కొత్తది ఇలా ఇవ్వు, నేనే చేస్తా," అన్నాడు చెయ్యి చాపి.

"షాపువాడు చెప్పినట్టు చెయ్యాలి. నువ్వు తాళం తిప్పు, నేను లెక్కపెడతా. నా వేళ్ళ సంగతి నీకు తెలుసుగా."

తెలుసు. రంపం కోసిన నాడు ఆస్పత్రికి ఎత్తుకెళ్ళింది అన్నే. డ్రైవర్ వైపు వెళ్ళి నిలబడ్డాడు. వడ్రంగి కొత్త రిమోట్ నొక్కాడు. ఇద్దరూ ఎక్కి తలుపులు వేసుకున్నారు. లోపల జిగురు వాసన, తుప్పు వాసన కలిసిపోయి ఉన్నాయి.

వడ్రంగి చెప్పాడు, ఎనిమిదిసార్లు, పది సెకన్లు, చివర ఆన్‌లో వదలాలి, ఇంజన్ స్టార్ట్ కాకూడదు. అన్న తలూపాడు. ముప్పై ఏళ్ళు కొళాయిలు తిప్పిన చెయ్యి. సరసరా తిప్పేశాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు..."

అన్న ఆపేశాడు. బండి కిమ్మనలేదు.

"ఏడే అయ్యాయి," అన్నాడు తమ్ముడు.

"ఎనిమిది తిప్పాను."

"నా నోట ఎనిమిది రాలేదు."

"నీ నోరు నా చెయ్యంత వేగంగా నడవదు. చిన్నప్పుడు ఎక్కాల దగ్గరా ఇంతే, ఆరో ఎక్కంలో పడుకునేవాడివి."

"నువ్వు లేపేవాడివా? నా పలకే నీ జవాబుగా చూపించేవాడివి."

అన్న ముక్కుతో నవ్వాడో, ఊపిరే వదిలాడో తెలియలేదు. "సరే. నువ్వు ఒకటి అంటే ఒకటి తిప్పుతా. నీ నడకే నడుద్దాం."

ఈసారి మాటకో తిప్పు. ఎనిమిది అనగానే నాలుగు తలుపులూ ఒక్కసారి టక్కుమన్నాయి. అన్న ఉలిక్కిపడ్డాడు.

"ముందు నీది నొక్కు," అన్నాడు తమ్ముడు.

అన్న జేబులోంచి పాత రిమోట్ తీశాడు. దాంతోపాటు ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితాలు ఒళ్ళో పడ్డాయి. ఇద్దరూ చూశారు. అన్న నొక్కాడు. టక్. వడ్రంగి తనది నొక్కాడు. టక్. అన్న తాళం ఆఫ్ చేసి, అద్దం దించి, చెయ్యి బయటపెట్టి రిమోట్‌తో ఒకసారి వేశాడు, ఒకసారి తీశాడు. బండి రెండుసార్లూ విన్నది.

దిగుతారనుకుంటే ఎవరూ దిగలేదు.

"నిన్న మేకుకి వేలాడుతోంది," అన్నాడు అన్న. "పదడుగులు. అడగలేకపోయావా?"

వడ్రంగి పొద్దుటినుంచీ ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాడు. దీనికీ జవాబులు కట్టుకుని పెట్టుకున్నాడు. షాపువాడు సరిగ్గా చెప్పలేదని, నువ్వు పడుకున్నావనుకున్నానని.

"అడగాల్సొస్తుందనే చేశాను," అన్నాడు. "నీది చచ్చిపోతుందని వాడు చెప్పాడు. విన్నాను కూడా. నిన్ను పిలవడం కంటే వాడు అబద్ధం చెప్పాడనుకోవడం తేలికనిపించింది."

ఇంటి మెట్ల మీద వదినా, ఇల్లాలూ పక్కపక్కన కూర్చుని, ఏమీ చూడనట్టు బండినే చూస్తున్నారు. అన్న కాగితాలు ఒళ్ళోంచి తీసి, కవరు మీద దుమ్ము చేత్తో తుడిచి, డ్యాష్‌బోర్డు డబ్బా తెరిచి అందులో పడేశాడు. మూత సరిగ్గా పడలేదు. మోచేత్తో ఒకటి ఇచ్చాడు, పడింది.

దిగాక, రెండడుగులు వేసి ఆగాడు.

"రేపు నీ రోజు. ఎడమ వెనక టైర్లో గాలి తక్కువుంది. శుక్రవారం నుంచీ చెబుదామనుకుంటున్నా."

"వదినతో చెప్పించకపోయావా?"

"నాకు మాత్రం మోస్తుందా? శుక్రవారమే మానేసింది."

వడ్రంగి బండి వెనక్కి వెళ్ళి వంగాడు. టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు.

"తక్కువే అన్నా," అన్నాడు.