కుయెంకో సరస్సు వెడల్పు

పొద్దున్నే పొయ్యి రాజేసి, వేడివేడి మాతే ఆకు కషాయం తాగుతూ, రేడియోలో కబుర్లు వినడం ఓర్ఫెలీనాకు అలవాటు. చిలీ దక్షిణాన ఆ వాన అడవుల్లో ఫోన్లు పలకవు. ఎవరి కోడలు ప్రసవించినా, ఎవరి ఎద్దు తప్పిపోయినా రేడియో చెప్పాల్సిందే. అందులో ఆమె పేరు వినబడి పదకొండేళ్లయింది. అప్పుడొచ్చింది తల్లి పోయిన కబురు. ఆమె సరస్సు దాటి అవతలి ఒడ్డు చేరేసరికి చెల్లెలు తల్లిని పూడ్చేసింది. ఆనాటి నుంచీ అక్కచెల్లెళ్లకు మాటల్లేవు.

అక్కడ జూన్ అంటే నడి చలికాలం. ఆ చలిలో మళ్లీ వినబడింది. "కుయెంకో సరస్సు, ఈవలి ఒడ్డు, ఓర్ఫెలీనా కార్కమోకు. అవతలి ఒడ్డున చెల్లెలు ఎదువీనాకు ఊపిరాడటం లేదు. పడవ తీసుకుని వెంటనే రావలెను."

పక్కింటి ఫిదేల్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "నేను తీసుకొస్తా ఓర్ఫెలీనక్కా. నాకైతే ముప్పావుగంట. నువ్వెళ్తే అక్కడికి చేరేసరికే చీకటి పడుతుంది."

అందులో వెటకారమేమీ లేదు. ఒంటరివాళ్లకు కుయెంకో వెడల్పవుతుందని అందరికీ తెలుసు. పెళ్లి కుదిరిన టీచరమ్మ పది నిమిషాల్లో దాటేస్తుంది. ఉత్తరాలు పంచే మనిషి ఓర్ఫెలీనాను తన పడవెక్కించుకోడు, ఆలస్యమవుతుందని.

"కబురు నా పేరు మీద వచ్చింది," అని ఆమె తెడ్లు భుజానికెత్తుకుంది.

చీకటి పడ్డాకే చేరింది. కబురంపిన ముసలి దంపతులు ఎదువీనాను దుప్పట్లలో చుట్టి పడవలో పడుకోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మూడు వారాల వాన ఆ రాత్రి తెరిపిచ్చింది. పైన చుక్కలు, నీళ్లలో చుక్కలు. వెనక నాచు పట్టిన చెట్లన్నీ కలిసి ఒక నల్లగీత అయ్యాయి. కాసేపటికి ఆ గీత కూడా లేదు. ముందూ ఒడ్డు లేదు. తెడ్డు పడ్డ చోటల్లా చుక్కలు చెదిరి మళ్లీ కూడుకుంటున్నాయి. చెల్లెలి ఊపిరి పిల్లికూతలా ఉంది. ఫిదేల్‌ని పంపి ఉంటే ఈపాటికి మందు పడేది, నా పంతం దీన్ని చంపుతోంది అనుకుంది ఓర్ఫెలీనా.

"ఇంకా ఎంత?" అంది ఎదువీనా.

"ఏమో."

"నువ్వెప్పుడూ ఇంతేగా. అమ్మను పూడ్చేశాక దిగావు, తీరిగ్గా."

తెడ్డు ఆగిపోయింది.

"తీరిగ్గానా? రెండు పగళ్లు, రెండు రాత్రులు తెడ్డేశానే! అరచేతులు చీలి నెత్తురు కారింది. నువ్వు అమ్మ మీద మట్టేస్తుంటే నేనీ నీళ్ల మీదే ఉన్నా. మా ఆయన పోయి అప్పటికి నెల కాలేదు. ఈ సరస్సు నాకెంత అయ్యిందో ఒక్కసారైనా ఆలోచించావా?"

ఎదువీనా చాలాసేపు దగ్గింది.

"ఊరంతా నీ వైపే ఉందిగా అక్కా. నువ్వు ఒంటరివెట్లా అవుతావనుకున్నా. అసలు బయల్దేరలేదనుకున్నా."

"అడగొచ్చుగా!"

"చెప్పొచ్చుగా, మొండిదానా!"

"మొండిదాన్ని నేనా? చిన్నప్పుడు గొర్రెపిల్ల కోసం మూడు రోజులు అన్నం మానేసింది ఎవరే..."

పడవ అడుగున గులకరాళ్లు గరగరమన్నాయి. ఒడ్డున కుక్కలు మొరిగాయి. లాంతరు పట్టుకుని ఫిదేల్ మోకాలిలోతు నీళ్లలోకి పరుగెత్తుకొచ్చాడు. ఇంత త్వరగా ఎలా వచ్చారని అతను అడగలేదు.

పట్నం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఎదువీనా అవతలి ఒడ్డుకు పోలేదు. అక్క ఇంట్లోనే, అక్కతో పోట్లాడుతూ ఇంకో ఆరు చలికాలాలు బతికింది. అమ్మ పక్కన పూడ్చమని చెప్పి కన్నుమూసింది.

ఓర్ఫెలీనా శవపేటికను పడవలో పెట్టుకుని, ఎవరినీ రానివ్వకుండా ఒక్కతే బయల్దేరింది. ఫిదేల్ రెండు రోజులకు సరిపడా తిండి కట్టిచ్చాడు. ఒడ్డు కనుమరుగయ్యాక, ఎవరూ చూడని నడిమధ్యలో, తనివితీరా ఏడవాలనుకుంది ఆమె.

ఏడుపు మొదలుపెట్టకముందే అవతలి ఒడ్డు వచ్చేసింది.