సింహాద్రి నాలుక

డబ్బు పుచ్చుకోని మనిషంటే కనకరత్నానికి నమ్మకం లేదు. యారాడ సింహాద్రి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు, బోటింజన్లు బాగుచేశాడు, పోర్టులో క్రేను నడిపాడు. ఇప్పుడేమో మల్కాపురంలో ఎవరింట కంప్యూటర్ మూలబడ్డా ఊరికే బాగుచేసి పోతున్నాడు. ఊరికే ఎవడు చేస్తాడు? విలువైన ముక్కేదో కాజేసే ఉంటాడు.

అందుకే మొగుడు అతన్ని ఇంటికి పిలిచిన రోజున వంటింటి తలుపు చాటున కాపు కాసింది. సింహాద్రి కంప్యూటర్ పెట్టె విప్పాడు. లోపల్నించి వేలెడు పచ్చముక్క ఊడబీకాడు. అటూ ఇటూ చూసి నోటి దగ్గరికి పోనిచ్చాడు.

"దొంగా! నోరు తెరు!" కనకరత్నం ఒక్క అంగలో మీదికొచ్చింది.

అతను తెరిచాడు. నోట్లో ఏమీ లేదు. ముక్క చేతిలోనే ఉంది.

"ఉప్పు సూత్తన్నానమ్మా. బోటింజన్ వైర్లూ ఇలాగే నాకి సూసీవోణ్ణి. సముద్రంగాలికి ఈ మెమరీ ముక్కకి ఉప్పు పట్టీసింది."

జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీసి ముక్క అంచు రుద్ది, మళ్లీ బిగించాడు. నెల్లాళ్లుగా నల్లగా పడున్న తెర వెలిగింది.

కనకరత్నానికి మొహం చెల్లలేదు. "కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

"వద్దమ్మా," సింహాద్రి చెప్పులు తొడుక్కున్నాడు. "టీ తాగాలంటే మీ ముందర మళ్లీ నోరు తెరవాల గదా."