నకాటో రక్తం చెప్పిన సాక్ష్యం

కవెంపె పేటలో బాబిర్యేనీ నకాటోనీ ఎరగనివాళ్లు తక్కువ. ఇద్దరూ కవలలు, యాభై దాటినవాళ్లు. ఒకే దుకాణంలో ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని పెళ్లిళ్లకి గోమెసీలు, అంటే ఆడవాళ్లు నడుముకి దట్టీతో కట్టుకునే పొడుగాటి గౌన్లు కుట్టేవాళ్లు. అరగంట ముందు పుట్టినందుకు బాబిర్యే అక్క అయింది. ఆ అరగంట పెద్దరికాన్ని ఆవిడ ఏనాడూ వదులుకోలేదు.

వాళ్ల తమ్ముడు కిజ్జాకి క్షయ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే అతన్ని నిలబెట్టారు. బాబిర్యే పగలంతా ఆసుపత్రి పనులు చూసుకుని, సాయంత్రాలు తమ్ముడి దగ్గర కూర్చునేది. నకాటో అయితే తన మంచమే అతని గదిలో వేసుకుంది. జావ తాగించింది, దగ్గినప్పుడల్లా వీపు నిమిరింది, ఉమ్మి డబ్బా కడిగింది. ఆరు నెలలు మాత్రలు మింగి కిజ్జా లేచాడు. లేవడమే కాదు, నలభై ఏడేళ్ల వయసులో పెళ్లికూతుర్ని కూడా వెతుక్కున్నాడు.

పేచీ ఆ తర్వాత వచ్చింది. రోగి ఉన్న ఇంట్లోవాళ్లని పరీక్షించే పరిశోధన బృందం ఒకటి వచ్చి ఇద్దరి ముంజేతులకీ సూది వేసింది. మూడో రోజుకి బాబిర్యే చెయ్యి గట్టిగా ఉబ్బింది. నకాటో చెయ్యి నున్నగానే ఉంది. రక్తం తీసి చూసినా అదే మాట. అక్క ఒంట్లోకి క్రిమి చేరింది, చెల్లెలి ఒంట్లో దాని జాడే లేదు. అక్కకి జబ్బు ముదరకుండా నెలల తరబడి మాత్రలిచ్చారు. చెల్లెలిని రెండేళ్లలో మూడుసార్లు పరీక్షించారు, మూడుసార్లూ ఏమీ కనపడలేదు.

ఒకరోజు దుకాణం నిండా బేరాలు ఉండగా బాబిర్యే నవ్వుతూనే అనేసింది. "తమ్ముడి పక్కన ఎవరు కూర్చున్నారో నా చెయ్యే చెప్పింది. ఇదుగో, ఈవిడ గుమ్మం దాటి లోపలికొచ్చి ఉండదు."

వచ్చినవాళ్లు నవ్వారు. నకాటో నవ్వలేదు. ఇంటికెళ్లి కిజ్జాని నిలదీసింది. పాపం అతనికి ఆ రోజులు జ్వరంలో కలిసిపోయాయి. వీపు మీద ఎవరిదో చెయ్యి ఉన్నట్టు మాత్రం గుర్తుంది.

"కవలలు కదక్కా, చేతులు కూడా ఒకేలా ఉంటే నేనెలా పోల్చను?" అన్నాడు.

మర్నాడు నకాటో తన మిషను కిటికీ దగ్గరికి జరుపుకుంది. మధ్యాహ్నం భోజనం కూడా విడిగానే.

మళ్లీ రక్తం తీయడానికి ఆ పరిశోధన బృందం నుంచి ఒక్విర్ వచ్చాడు. ప్రయోగశాలలో పనిచేసే లాంగో తెగ కుర్రవాడు, మాట నెమ్మది. నకాటో అతన్ని సూటిగా అడిగింది. "నా రక్తం నేనక్కడ లేనంటోంది. నేనున్నాను. ఎవరి మాట నమ్ముతావు నాయనా?"

రోగి పక్కనే ఉన్నా పరీక్షలో ఏమీ కనపడనివాళ్లు అక్కడక్కడా ఉన్నారనీ, వాళ్ల గురించే వెతుకుతున్నామనీ, ఇంకాస్త ఎక్కువ రక్తం కావాలనీ అన్నాడు. ఎంత కావాలంటే అంత తీసుకోమంది నకాటో.

నాలుగు నెలలకి ఒక్విర్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. విషయం చెప్పబోతుంటే నకాటో ఆపేసింది. ఆదివారం భోజనానికి వచ్చి అందరి ముందూ చెప్పమంది.

అరిటాకుల్లో ఉడికిన మటోకే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు వడ్డించాక ఒక్విర్ మొదలుపెట్టాడు. రక్తంలో టీ కణాలని ఉంటాయట. క్షయ క్రిమి ఒకసారి తగిలితే వాటిలో కొన్ని దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ ఆ క్రిమి ముక్కల్ని చూపిస్తే ఒక రకం సంకేతం వదులుతాయి. మామూలు రక్త పరీక్ష పట్టుకునేది ఆ ఒక్క సంకేతాన్నే.

"అమ్మా, మీ కణాలు ఆ సంకేతం ఇవ్వలేదు. కానీ మేం వేరే సంకేతాల కోసం చూశాం, అవి కనిపించాయి. మీ కణాలకి ఆ క్రిమి తెలుసు. ఎదురుపడకుండా తెలిసే వీల్లేదు."

"అంటే?" అంది బాబిర్యే.

"అంటే ఈవిడ ఆయన పక్కనే ఉంది, ఆ గాలే పీల్చింది. ఒళ్లు వేరే దారిలో ఎదుర్కొంది. ఎందుకలా అన్నది మాకింకా తెలియదు. అందుకని ఇకముందు జబ్బు రాదని కూడా మాటివ్వలేను."

కిజ్జా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నకాటో కళ్లు తుడుచుకుంది.

బాబిర్యే పళ్లెంలోకి చూస్తూ చిన్న గొంతుతో అంది. "నువ్వున్నావని నాకు తెలుసే. చెయ్యి ఉబ్బిన రోజున చచ్చిపోతాననుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ఏదొచ్చినా ఇద్దరికీ కలిసే వచ్చింది. ఇదొక్కటీ నాకే వచ్చేసరికి ఒళ్లు మండింది."

"ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే నీ మాత్రలు నేనే చేతికిచ్చేదాన్ని కదే," అంది నకాటో.

"ఇస్తావు, లెక్క తప్పి రెండేసి మింగిస్తావు."

ముందు కిజ్జా పకపకా నవ్వాడు. తర్వాత నకాటోకి నవ్వాగలేదు. బాబిర్యే లేచి వచ్చి చెల్లెలి చాప మీద ఇరుక్కుని కూర్చుని, ఆవిడ పళ్లెంలో చెయ్యి పెట్టింది.

మంగళవారం ఒకే రంగు గోమెసీలు కట్టుకుని, ఒకే బోడా అద్దె మోటారుసైకిలు ఎక్కి ఇద్దరూ ప్రయోగశాలకి వెళ్లారు. ఒక్విర్ తెర మీద నకాటో టీ కణాల్ని చూపించాడు. ఒక్కో చుక్కా ఒక్కో కణం. నల్లటి తెర మీద గుంపులు గుంపులుగా, నీలంగా, ఎర్రగా, వేలకి వేలు. మూలనున్న చిన్న గుంపుని వేలితో చూపించి, క్రిమిని గుర్తుపట్టినవి అవేనన్నాడు.

నకాటో తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. వెనకనుంచి బాబిర్యే ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి, ఒక్విర్‌ని అడిగింది. "బాబూ, ఈ రంగుల్లో గుడ్డ ఎక్కడన్నా దొరుకుతుందా? మా తమ్ముడి పెళ్లికి కుట్టుకుంటాం, ఇద్దరం."