పాట మీద పేరు

ఇస్సాకు పంతులుకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పాలలో నీళ్లు కలుపుతారని ఎవరైనా అనుమానిస్తారు. ఇస్సాకు నీళ్లు తెచ్చే మనిషిని కూడా అనుమానించే రకం. ఎవరైనా ఎదురుపడి "మంచిగున్నవా పంతులూ?" అంటే, ఎందుకు అడిగినట్టా అని ఇంటిదాకా ఆలోచించుకుంటూ పోయేవాడు. "దేవుని మీద మస్తు విశ్వాసమున్నది నీకు. ఆయన జేసిన మనుషుల మీదనే లేదు" అని భార్య దానమ్మ నవ్వేది. ఆ నవ్వులో ఏముందో అని కూడా ఆయన కాసేపు చూసేవాడు.

మేడ్చల్ మిషన్ బడిలో మూడో తరగతి చెప్పడం, ఆదివారం గుడిలో కాళ్లతో తొక్కుతూ వాయించే పెద్ద హార్మోనియం ముందు కూర్చోవడం, ఇవీ ఆయన పనులు. వెనకటికి ఉన్న తెల్ల దొరసాని ఆయనకు అయిదు గీతల మీద చుక్కలు పెట్టి రాసే ఇంగ్లీషు సంగీతం చదవడం నేర్పింది. చుట్టుపక్కల ఊళ్లలో ఆ చుక్కలు చదవగలిగింది ఆయన ఒక్కడే. నేర్పినందుకు దొరసాని ఒక షరతు కూడా పెట్టింది. గుడి కీర్తనల పుస్తకంలో లేనిది ఆ పెట్టె మీద వాయించకూడదు. యుద్ధం రోజుల్లో దొరసాని సీమకు వెళ్లిపోయింది గానీ షరతు ఇక్కడే ఉండిపోయింది. దానికి కాపలా పాస్టరు సాలోమోను అయ్యగారు.

అయితే ఇస్సాకుకు ఒక రహస్యం ఉంది. బడి వదిలాక, అయ్యగారు ఊళ్లోకి వెళ్లిన వేళ చూసుకుని, ఖాళీ గుడిలో ఒక పాట వాయించుకునేవాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగేళ్లుగా ఒక్కో మెట్టు కలుపుకుంటూ, తీసేస్తూ, మళ్లీ కలుపుకుంటూ తయారు చేసుకున్నాడు. దానమ్మకు కూడా చెప్పలేదు. ఉంటున్న ఇల్లు మిషన్‌ది, తొక్కే పెట్టె గుడిది, చెప్పే పాఠం సర్కారుది. ఇది నాది అనుకోవడానికి లోకంలో ఆయనకు ఆ పాట ఒక్కటే ఉంది.

1947లో వానలు మొదలైన వారం, గుడి వెనక ఇంట్లో ఉండే నర్సు కృపమ్మ దగ్గరికి ఆమె అన్న వచ్చి దిగాడు. పేరు పరంజ్యోతి. తండ్రి సికింద్రాబాదు పటాలంలో బాజా ఊదేవాడట. అక్కడే ఫిడేలు పట్టిన పిల్లవాడు మద్రాసు పోయి, అక్కణ్నుంచి ఇంగ్లండు పోయి ఆరేళ్లు చదివి, తిరిగి వచ్చి మద్రాసులో ఒక కాలేజీలో సంగీతం ప్రొఫెసరయ్యాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతూ, మిగిలిన పొద్దంతా తన సొంత సంగీతం రాసుకునేవాడు. చిన్నా పెద్దా నాలుగు ఫిడేళ్లు కలిసి వాయించే సంగీతం అది. మద్రాసులో ఒకసారి వాయించి చూపిస్తే, దొరలు ఇది మాది కాదన్నారట, కచేరీల వాళ్లు మాదీ కాదన్నారట. ఆయన మాత్రం రాయడం మానలేదు. ఊపిరితిత్తులు చెడి, డాక్టరు గాలి మార్పు కావాలంటే సెలవు పెట్టి చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

ఇదంతా కృపమ్మ చెప్పింది. ఇస్సాకు మాత్రం నమ్మలేదు. అంత చదివిన మనిషి గాలి కోసం మేడ్చల్ వస్తాడా?

నాలుగో రోజున ఆయన అనుమానానికి ఆధారం దొరికింది. ఖాళీ గుడిలో తన పాట వాయించుకుంటూ కిటికీ వైపు చూస్తే, బయట బావి గట్టు మీద పరంజ్యోతి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిలు. తల వంచుకుని ఒకటే రాస్తున్నాడు. ఇస్సాకు కాళ్లు ఠక్కున ఆగిపోయాయి.

పరంజ్యోతి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఆపేశారేం, ఇస్సాకు గారూ? చాలా బాగుంది. ఎవరిదండీ ఈ పాట?"

"పుస్తకంలది" అన్నాడు ఇస్సాకు.

మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. "ఆ పుస్తకం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. అందులో ఈ పాట కనబడలేదే! నిజం చెప్పండి, ఎవరిది?"

"పాత పుస్తకంలది సాబ్. చెదలు తిన్నది."

మూడో రోజూ అడిగాడు. ఇస్సాకు హార్మోనియం మూత దించి, తాళం వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు. మద్రాసులో పెద్ద హాలు, దీపాలు, నాలుగు ఫిడేళ్లు, తన పాట, దాని మీద పరంజ్యోతి పేరు. ఇదే కళ్ల ముందు ఆడింది. పోనీ 'నాదే' అని చెబుదామంటే, ఆ మాట అయ్యగారి చెవిన పడితే పెట్టె తాళం చేజారుతుంది. కక్కలేక మింగలేక కూర్చున్నాడు.

నిజాం సర్కారు నిలుస్తుందో, రాజ్యం యూనియన్‌లో కలుస్తుందో తేలని రోజులవి. కొత్త మనిషి కనబడితే ఊరు తలుపులు వేసుకునేది. చేతిలో కాగితం ఉన్న కొత్త మనిషైతే మరీ భయం. ఇస్సాకు మర్నాడు పోలీసు పటేలు ముత్తయ్య ఇంటి ముందు నుంచి పోతూ, ఊరికే ఆగినట్టు ఆగాడు.

"నర్సమ్మ అన్న ఏందో దినాం రాస్తుండు పటేలా. గీతలంట, సుక్కలంట. ఏం రాస్తుండో నాకైతే సమజైతలేదు."

ఊరంతటిలో ఆ చుక్కలు సమజయ్యే ఒకే ఒక్క మనిషి అన్న మాట అది. అనేసి, తేలు కుట్టిన దొంగలా గమ్మున ఇంటికి వచ్చాడు. ఏం జరుగుతుంది, మహా అయితే భయపడి మద్రాసు వెళ్లిపోతాడు అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదని తర్వాత తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు.

అంగడి రోజు పొద్దున బడికి జవాను వచ్చాడు. "ఠాణా అమీన్ సాబ్ పిలుస్తుండు. గుడి కాడికి నడువు."

గుడి మెట్ల దగ్గర జనం మూగి ఉన్నారు. శామీర్‌పేట చెరువు నుంచి చేపలు తెచ్చే శంకరమ్మ కూడా గంప దించుకుని అక్కడే కూర్చుని ఉంది. ప్రతి అంగడికీ ఆ మెట్ల మీద కాసేపు నడుం వాల్చి పోవడం ఆమెకు అలవాటు. లోపల అమీన్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఒళ్లో పరంజ్యోతి పుస్తకం. పక్కన ఇద్దరు జవాన్ల మధ్య పరంజ్యోతి, దగ్గుతూ. గోడవారగా ముత్తయ్య, సాలోమోను అయ్యగారు, ఏడుస్తున్న కృపమ్మ.

"యే క్యా హై? ఇవి రోడ్లా, చెర్వులా? పటాలం యాడున్నదో పటం గీసిండా?" అమీన్ పుస్తకం ఇస్సాకు ముఖం మీదికి చాపాడు. "ఇది పాట అంటుండు ఈయన. నర్సమ్మ నీకు సదువుడు వస్తదంటున్నది. ముత్తయ్య చూస్తే నీకే సమజ్ కాలేదు అన్నవంటున్నడు. సచ్ బోలో. వస్తదా, రాదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఇస్సాకు చేయి దానంతటదే మెడ మీదికి పోయింది. ముత్తయ్య ఆయన్నే చూస్తున్నాడు. 'రాదు' అంటే చాలు. పరంజ్యోతి ఠాణాకు పోతాడు, పుస్తకం పొయ్యిలోకి పోతుంది, పాట తన దగ్గరే మిగులుతుంది. పరంజ్యోతి మళ్లీ దగ్గాడు. ఆ ఊపిరితో ఠాణా నేల మీద ఆ మనిషి ఎన్ని రోజులు ఉంటాడో ఇస్సాకుకు తెలుసు. మనిషిని చంపేంత అనుమానం తనదని అప్పటిదాకా ఆయనకు తెలియదు.

"వస్తది సాబ్" అన్నాడు.

పెట్టె తెరిచి, పుస్తకం ముందు పెట్టుకున్నాడు. నాలుగు ఫిడేళ్లకు రాసింది రెండు చేతుల్లో ఇమడదు. అందినంత అందుకున్నాడు. మొదటి పేజీ నాలుగు బండ్లు నాలుగు దిక్కులకు లాగుతున్నట్టు ఉంది. అమీన్ నవ్వాడు. "ఇది పాటా? నక్కలు ఇంతకన్న మంచిగ కూస్తయి!" జవాన్లు కూడా నవ్వారు. ఇస్సాకు గబగబా మూడు పేజీలు తిప్పాడు. నాలుగో పేజీ పైన కొత్త భాగం మొదలైంది. రెండు మెట్లు వాయించగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

అది తన పాట. ఒక్క చుక్క పోకుండా ఉంది. చుట్టూ మిగతా మూడు ఫిడేళ్లు దానికి దారి ఇచ్చి, పక్కకు జరిగి, నెమ్మదిగా నడుస్తున్నాయి. తన పాట ఇంత పెద్దదని ఆయనకు తెలియదు.

"ఎందుకు ఆపినవ్?" అన్నాడు అమీన్.

"గిది... నా పాట సాబ్."

అయ్యగారి కనుబొమలు పైకి లేచాయి. అమీన్ కుర్చీలో ముందుకు వంగాడు. "నీ పాట ఈయన కితాబ్‌లకు ఎట్లొచ్చింది? అయితే నువ్వూ ఈయనా ఒక్కటేనా?"

"ఆయన కిటికీ కాడ కూసోని విన్నడు. నేను నాలుగేండ్లసంది వాయిస్తున్న. కితాబ్ మీరు తీసుకోండ్రి. నేను సూడకుండ వాయిస్త. ఆయన సూసుకుంట పాడుతడు. రెండు ఒక్కటైతే అది పాటే."

అమీన్ మీసం దువ్వుకుని పుస్తకం పరంజ్యోతి చేతికి ఇచ్చాడు. ఇస్సాకు కళ్లు మూసుకుని తొక్కాడు. పరంజ్యోతి దగ్గు ఆపుకుంటూ సన్నటి గొంతుతో చుక్కల్ని పాడాడు. పెట్టె, గొంతు ఒక జోడు ఎద్దుల్లా కలిసి నడిచాయి. పాట మూడు మెట్లు ఎక్కి, నాలుగో మెట్టు దగ్గర ఒక క్షణం ఆగి, కిందికి దిగింది.

బయటి మెట్ల మీది నుంచి శంకరమ్మ గొంతు లేచింది. "గట్ల గాదు పంతులూ! ఆడ మెల్లగ జారాలె! ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

అందరూ అటు తిరిగారు. "నీకెట్ల తెలుసు ఈ పాట?" అన్నాడు అమీన్.

"మా అవ్వ పాట, తెల్వకేం? వలగుంజేటప్పుడు పాడుతం." పల్లవి ఎత్తుకుంది. "నీళ్ల మీది ఎండ నిలువదమ్మా, వలల పడ్డ శాప నిలువదమ్మా." నాలుగో మెట్టు దగ్గర గొంతు చెరువు గట్టు మీంచి నీళ్లలోకి జారినట్టు జారింది.

అమీన్ లేచి నిలబడ్డాడు. "శాపలమ్మే ఆమెకు తెలిసిన పాటల రాజ్‌కా రహస్యం ఏముంటది? ముత్తయ్యా, నా పొద్దంత ఖరాబ్ జేసినవ్." జవాన్లను తీసుకుని వెళ్లిపోయాడు. ముత్తయ్య ఇస్సాకు వైపు ఒక చూపు చూసి, ఆయన వెనకే పోయాడు. అయ్యగారు పెట్టె మీది తాళంచెవి తీసి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. శంకరమ్మ గంప ఎత్తుకుని అంగడికి నడిచింది. చేపలు ఎదురుచూడవు కదా.

కృపమ్మ అన్నకు మందు తేవడానికి ఇంటికి పరుగెత్తింది. ఇద్దరే మిగిలారు. పరంజ్యోతి నాలుగో పేజీ తెరిచి, పెన్సిలు ఇస్సాకు చేతికి ఇచ్చాడు. పేజీ తల మీద, రాసినవారి పేరు ఉండవలసిన చోట ఖాళీగా ఉంది.

"ఇందుకే మూడు రోజులు వెంటపడ్డాను. మిగతాది నేను కట్టింది. ఈ పాట నాది కాదు. మద్రాసులో దీన్ని వాయించినప్పుడు ఎవరి పేరు చదవాలి? మీదని నాకు అనుమానంగానే ఉంది. మీ నోటితో చెప్పకుండా ఎలా రాస్తాను? రాయండి, ఇస్సాకు గారూ."

ఇస్సాకు పెన్సిలు పట్టుకున్నాడు. నాలుగేళ్లుగా కలలో కూడా దాచుకున్న కోరిక చేతికి అందింది. కానీ చెవిలో శంకరమ్మ మాటే మోగుతోంది. ఎన్నిసార్లు చెప్పాలె నీకు. నిజమే. రెండేళ్ల కిందట కూడా ఆమె ఇదే మెట్ల మీద కూర్చుని, "గిది మా అవ్వ పాట లెక్కనే ఉన్నదే. ఆడ జారాలె" అంది. తను ఏమన్నాడు? "పుస్తకంలది" అన్నాడు. ప్రార్థన కూటాలకని శామీర్‌పేట పోయిన రోజుల్లో, చెరువు గట్టు మీద ఆగి విన్నది ఎవరు? పెట్టె మీద మెట్లే ఉంటాయి, జారుడు ఉండదు. అందుకని జారుడు తీసేసి, ముందూ వెనకా తన ముక్కలు అతికించుకుని, నాది అనుకున్నాడు. అనుకుని అనుకుని చివరికి నిజంగానే మరిచిపోయాడు. దొంగ భయంతో ఇంటికి తాళాలు వేసుకున్న మనిషి, లోపల ఉన్నది దొంగసొత్తని మరిచిపోయినట్టుంది ఆయన పని.

"ముత్తయ్యకు జెప్పింది నేనే సాబ్" అన్నాడు నేల చూపులు చూస్తూ. "తప్పయింది."

"తెలుసు" అన్నాడు పరంజ్యోతి. "ముత్తయ్యతో మీరన్న మాట అమీన్ నోటే విన్నాను కదా. పేరు రాయండి."

"ఇప్పుడే వస్త" అని ఇస్సాకు పుస్తకం చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

అంగడిలో శంకరమ్మ ఆకులో చేపలు చుట్టి ఎవరికో ఇస్తోంది. ఇస్సాకు ఆమె ముందు నేల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు.

"శంకరమ్మా, మీ అవ్వ పేరేంది?"

ఆమె కళ్లు పుస్తకం మీదికి, పెన్సిలు మీదికి, ఆయన ముఖం మీదికి పోయాయి. "ఎందుకు?"

"రాయనీకి."

"పేరు రాసుకున్నోడల్ల ఏందో ఒకటి పట్కపోయిండు మా ఇంట్ల నుంచి. లెవీ గింజలని రాసుకపాయె, వెట్టి అని రాసుకపాయె. నువ్వేం పట్కపోతవు?"

ఆ చూపు ఇస్సాకుకు బాగా తెలిసిన చూపే. ఇన్నేళ్లూ అందరినీ తాను చూసిన చూపు అది. ఎదుటి నుంచి ఎలా ఉంటుందో మొదటిసారి చూశాడు.

"పట్కపోయేది ఎన్నడో పట్కపోయిన" అన్నాడు. "నీ పాట. గట్టు మీద విని, నాదని దాసుకున్న. నువ్వు అడిగితే అబద్దమాడిన. ఇప్పుడు పాట మీద అసలు పేరు రాద్దామని వచ్చిన."

శంకరమ్మ కత్తి పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇంకా నమ్మినట్టు లేదు.

"అయితే పాడు. పెట్టె మీద గాదు, నోటితోని పాడు. మల్ల తప్పు పాడితే మా అవ్వ పేరు జెప్ప."

ఇస్సాకు జీవితంలో గుడి బయట నోరెత్తి పాడినవాడు కాదు. చుట్టూ కూరగాయల వాళ్లు, కుండల వాళ్లు చూస్తున్నారు. బడి పిల్లల తండ్రులు చూస్తున్నారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. మూడు మెట్లు ఎక్కాడు. నాలుగో మెట్టు దగ్గర ఆగాడు. గొంతు మీద పట్టు వదిలేశాడు, అది తనంతట తానే జారింది.

శంకరమ్మ తల ఊపింది.

"యాదవ్వ" అంది. "రాసుకో. సక్కగ రాయి."