సున్నా చేపల సముద్రం

మార్కులు వేసే పని నా దగ్గరికి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఏడో తరగతిలో బడి మానేశాను. నాది ట్రాలీ ఆటో. చేపలమ్మే ఆడవాళ్ళని, వాళ్ళ తట్టలని పొద్దున్నే తీరానికి చేర్చి, మళ్ళీ చేపలతో ఊళ్ళలో దింపుతాను. రెండు వేల పదహారు ఫిబ్రవరిలో ఒక రోజు, తీరం దారిలో ఉన్న ఇంజనీరింగు కాలేజీకి అద్దె కుర్చీలు తీసుకెళ్ళాను. ఆఖరి కుర్చీ దించగానే అక్కడ పాఠాలు చెప్పే పద్మకుమారి మేడం వచ్చారు. పేరడిగారు. చెప్పాను.

"జోగయ్యగారూ, ఈ కుర్చీలోనే కూర్చోండి" అన్నారు.

ఆఖరి సంవత్సరం పిల్లలు ఫోన్లతో, కంప్యూటర్లతో జనం కష్టాలు తీర్చే ప్రాజెక్టులు చేశారట. మార్కులు వేసే ముగ్గురిలో ఒకరు ఆ కష్టాలు పడే మనిషే అయి ఉండాలని రూలట. రావలసిన నగరేశ్వరరావుగారు, చీపురుపల్లిలో కిరాణా వ్యాపారి, మనవడి అన్నప్రాశన ఉందని ఫోను చేసి మానేశారు.

"మీరు కష్టాలు పడతారా?" అని అడిగారు మేడం.

"పడతానండి" అన్నాను.

నా చొక్కాకి పువ్వులాంటి బ్యాడ్జీ గుచ్చారు. చేతికి అట్ట, కాగితం, పెన్ను ఇచ్చారు. కాగితం మీద 'సమాజానికి ఉపయోగం, ఇరవై మార్కులు' అని ఉంది. నా పక్క కుర్చీలో విశాఖపట్నం నుంచి వచ్చిన పరీక్షాధికారి ఆనంద్‌కుమార్‌గారు. మందపాటి కళ్ళద్దాలు. కాలేజీ వాళ్ళిచ్చిన కొబ్బరి నీళ్ళు కూడా అనుమానంగా చూసి తాగారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరని వెనక పిల్లలు గుసగుసలాడుకున్నారు.

మొదటివాడు కళ్యాణ్. ఆవు మెడలో చిన్న మిషను కట్టి, అది తప్పిపోతే ఎక్కడుందో ఫోనులో ఎర్ర చుక్కగా చూపిస్తాడు.

"క్యాంటీను వెనకాల కట్టేశాం సార్. సూడండి, సుక్క కదలకుండా ఉంది."

చుక్క కదిలింది. క్యాంటీను దాటింది. ఆఫీసు గది దాటింది.

"ఎక్కడికొస్తున్నాదిరా అది?" అన్నాడు వెనక ఒకడు.

కిటికీ అవతల మేడంగారి క్రోటను కుండీ పగిలిన చప్పుడైంది. చుక్క సరిగ్గా అక్కడే ఆగింది. నేను పదిహేడు వేశాను.

తరవాత గౌరి వచ్చింది. ఆ పిల్ల నాకు తెలుసు. వాళ్ళమ్మ లక్ష్మణమ్మ రోజూ నా ఆటోలోనే ఎక్కుతుంది. గౌరికి నిరుడు పరీక్షల వేళ కామెర్లు వచ్చి ప్రాజెక్టు పోయింది. ఈసారీ పోతే డిగ్రీ చేతికి రాదు. ఆ సంగతి మేడం ఆనంద్‌కుమార్‌గారి చెవిలో చెప్పడం నాకూ వినిపించింది. ఆయన తల కూడా ఊపలేదు.

గౌరి ప్రాజెక్టు ఇది. ఆడవాళ్ళు చార్జీ పెట్టుకుని తీరానికి వెళ్తారు. ఒక్కోరోజు చేపలుండవు, ఖాళీ తట్టలతో తిరిగొస్తారు. అందుకని వేటలో ఉన్న పడవలకి రోజూ పొద్దున కంప్యూటరే ఫోను చేసి, ఎన్ని తట్టల చేపలు పడ్డాయని అడుగుతుంది. వాళ్ళు నంబరు నొక్కితే ఆడవాళ్ళ ఫోన్లకి మెసేజి వెళ్తుంది.

తెర మీద బొమ్మ పడింది. నలభై రోజులు, నాలుగు పడవలు. గీత అడుగున పడుకుని ఉంది. మొదటి రోజు సున్నా. నలభయ్యో రోజూ సున్నా.

ఆనంద్‌కుమార్‌గారు కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"సముద్రంలో చేపలు అయిపోయాయామ్మా?"

హాలంతా నవ్వింది. గౌరి మొహం కందిపోయింది.

"లేదు సార్. రోజూ పడుతున్నాయి. కానీ పడవ ఇసక తాకేదాకా సేపలు పడ్డాయని మా వాళ్ళు నోటితో అనరు సార్. దిష్టి తగులుతాదని."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. మనిషి అడిగితే దిష్టి గాని, మిషను అడిగితే దిష్టేటని అనుకున్నాను."

ఇంకా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "అబద్ధం చెప్పే లెక్కతో ఏం ఉపయోగం?" అని పెన్ను మూత తీశారు. ఆ పెన్ను కాగితం మీదికి దిగుతుంటే గౌరి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఒక్కసారి సార్. ఇప్పుడు పడవలు ఒడ్డుకొచ్చే వేళ. ఫోను చేస్తాను, మీరే వినండి. మా నాన్న పోతురాజు పడవకే."

మైకు ముందు ఫోను పెట్టింది. అవతల ఇంజను చప్పుడు, గాలి.

"నాన్నా, గౌరిని. పరీక్ష పెట్టే సార్ ఉన్నారు. ఈయేళ సేపలెన్ని పడ్డాయి?"

"ఏటీ నేదు" అన్నాడు పోతురాజు.

"నాన్నా, నా మార్కులు!"

"మార్కులు మార్కులే, సేప సేపే. ఏటీ నేదన్నాను కదే."

"మిషనుకైనా నిజం సెప్పొచ్చు కదేటి?"

"మిషనుకి కన్ను నేదేటి? ఎక్కడో కూకుని అన్ని పడవలూ ఒక్కపాలి సూస్తాది. దానికి మరీ పెద్ద కన్ను!"

గౌరి నుదురు కొట్టుకుంది. ఇంతలో అదే ఫోనులో, ఎవరితోనో అరుస్తూ పోతురాజు గొంతు వినపడింది.

"ఒరే అప్పలసూరీ! ఒడ్డుకి ఫోను సెయ్యరా! ఐసు ఎనిమిది దిమ్మలు దింపమను! సాలకపోతే మరో రెండు అట్టిపెట్టమను!"

నవ్వులకి హాలు పైకప్పు రేకులు అదిరాయి. మేడం కొంగు నోట్లో కుక్కుకున్నారు. కళ్యాణ్ నేల మీద కూలబడ్డాడు. చేపలేమీ లేని పడవకి ఎనిమిది దిమ్మల ఐసు!

అప్పటిదాకా నేను నోరు విప్పలేదు. విప్పవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"సేపలెన్నని అడగొద్దమ్మా. ఐసు ఎంత కావాలో అడుగు" అన్నాను.

గౌరి నావైపు చూసింది. "మావా!" అని అరిచి, కంప్యూటరు మీద పడింది. కావలసిన వస్తువు చెప్పడానికి దిష్టి ఏముంది? పావుగంటలో ప్రశ్న మార్చింది. కంప్యూటరు నాలుగు పడవలకీ ఫోను చేసింది. నలభై రోజులు కదలని గీత లేచి నిలబడింది. ఎనిమిది. మూడు. రెండు. ఒక పడవకి సున్నా.

పిల్లలు బల్లలు చరిచారు. ఆనంద్‌కుమార్‌గారు చెయ్యెత్తారు.

"ఇది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?"

"ఎల్లి సూడ్డమే" అన్నాను. "ఇరవై నిమిషాలు. ఆటో బయటే ఉంది."

అలా నా ట్రాలీ చేపల తట్టలకి బదులు ఒక పరీక్షాధికారిని, ఒక మేడంని, పదకొండు మంది ఇంజనీర్లని మోసింది. కళ్యాణ్ ఆవుని కూడా ఎక్కిస్తానన్నాడు, మేడం ఒప్పుకోలేదు. ప్రతి గతుకుకీ అందరూ ఒక్కసారే కేక పెట్టేవారు. ఆనంద్‌కుమార్‌గారు ఒక చేత్తో ఇనప కమ్మీ, ఇంకో చేత్తో మార్కుల కాగితం పట్టుకున్నారు.

మేము చేరేసరికి పడవలు ఒడ్డెక్కుతున్నాయి. సున్నా నొక్కిన పడవ నరసింగరావుది. ఆయన దగ్గరికి పోయి సార్ వల ఎత్తి చూశారు, చెక్కల కింద వంగి చూశారు.

"ఐసు వద్దన్నాను కదేటి బాబూ, ఇంకేటి ఎతుకుతున్నావు?" అన్నాడు నరసింగరావు విసుగ్గా.

రెండు దిమ్మలది రెండు తట్టలు దించింది. మూడు దిమ్మలది మూడున్నర. ఆడవాళ్ళు అప్పటికే ఫోన్లు చూసుకుని, గుంపంతా పోతురాజు పడవ దగ్గర నిలబడ్డారు. పడవ ఇసకని తాకింది. అందులో కానాగంత చేపలు వెండి కుప్పలాగా ఉన్నాయి.

"పడ్డాయిరా! తొమ్మిది తట్టలు!" అని అప్పుడు అరిచాడు పోతురాజు.

లక్ష్మణమ్మకి ఆనంద్‌కుమార్‌గారెవరో తెలియదు.

"ఒరే కళ్ళద్దాల నాయినా, గుడ్లప్పగించి సూస్తావేటి? తట్టకో సెయ్యెయ్యి!"

"అమ్మా! ఆయన సార్!" అని గౌరి అరిచింది.

"సారైతే సేతుల్లేవేటే?"

ఆయన కాగితం నా చేతికిచ్చి తట్ట ఎత్తారు. చేప నీళ్ళు తెల్ల చొక్కా మీదుగా ప్యాంటులోకి దిగాయి. చల్లదనానికి ఒక గెంతు గెంతారు. అప్పుడు నవ్వారు. కుక్కపిల్ల అరిచినట్టు, చిన్న నవ్వు. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. తట్ట ఆయన నెత్తిమీద ఊగుతుంటే చేపలు ఒక్కొక్కటే జారిపడ్డాయి.

తట్ట దించాక నావైపు చెయ్యి చాపారు. "మీ మార్కులు వేశారా?"

ఆయనిచ్చిన కాగితం మీదే, నా గడిలో వేశాను. ఇరవై.

"ఇరవైకి ఇరవై ఎవరూ వెయ్యరండీ జోగయ్యగారూ."

"నాకు తెలీదు కదండి" అన్నాను.

ఆయన తన గడిలో పందొమ్మిది వేసి, సంతకం పెట్టి, మేడం సంతకం కూడా పెట్టించారు. తడి వేళ్ళ గుర్తులు కాగితం మీద పొలుసుల్లా మెరిశాయి. గౌరి దాన్ని లాక్కుని చూసింది. పాసు. ఒక కేక పెట్టి, చెప్పులు వదిలేసి, కాగితం నెత్తిమీద పట్టుకుని అలల్లోకి పరిగెత్తింది.

"గౌరీ! తడిపీకే! అదొక్కటే కాపీ!" అని మేడం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆమె వెనకాలే నీళ్ళలోకి దూకారు.