వంగి నడిచే డానియల్

మెర్సీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: కొడుకు కాళ్లు వంకర పోతాయేమోనని.

ఆమె పుట్టింది ఆలంపూర్ దిక్కు, తుంగభద్ర నీళ్లు తాగి పెరిగింది. మర్రిగూడకు కోడలుగా వచ్చాకే ఫ్లోరిన్ నీళ్లకు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసింది. తొమ్మిదో తరగతిలో ఆమెను బడి మాన్పించేనాటికి ఫ్లోరిన్ పాఠం సగమే అయింది. ఎముకలు ఎలా వంగుతాయో చదివింది, వంగకుండా ఏం చేయాలో ఉన్న పేజీ దాకా పోలేదు.

ఇప్పుడు ఊళ్లో నల్లాలకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా రెండేళ్ల డానియల్‌ను రోజూ చాప మీద పడుకోబెట్టి కాళ్లు దారంతో కొలిచేది. వాడికి అదొక ఆట. దారం కొస నోట్లో పెట్టుకుని "ఇంకోచారి" అనేవాడు.

ఆటో తోలే భర్త సునీల్ నవ్వేవాడు. "ప్యాంటు గిట్ల కుట్టిస్తవా ఏందే? పోరని కాళ్లు కొలిచి కొలిచి అరగదీస్తున్నవ్."

"నీకైతే ఏం ఫికర్ లేదు. నీ ఊరి నీళ్లే గదా!"

ఒక పొద్దున డానియల్ నడుం వంచి, మోకాళ్లు మడిచి, తల నేలకు వేలాడేసి వాకిట్లోకి వచ్చాడు. మెర్సీ చాట పక్కన పడేసింది. పడుకోబెట్టి చూస్తే కాళ్లు తిన్నగానే ఉన్నాయి. నిలబెడితే మళ్లీ వంగాడు. చంకనేసుకుని అంగన్‌వాడీకి ఉరికింది. అక్కడ టీచర్ కృష్ణమ్మ ముందు వాడు ఒకటే దౌడు తీసి, కోడిగుడ్ల దగ్గర ఆగాడు.

"గిట్ల ఉరికెటోనికి ఏం రోగమే? దవాఖానకు తీస్కపోతే నిన్నే మంచంల పండవెడ్తరు," అంది కృష్ణమ్మ.

మరునాడు మళ్లీ వంగాడు. అదీ బయట తిరిగి వచ్చాకే. ఎవరైనా ఫ్లోరిన్ ఉన్న బోరింగు నీళ్లు తాగిస్తున్నారా? ఈసారి మెర్సీ వాడిని ఆపకుండా, దూరంగా వెంట నడిచింది. వాడు చీమల బారును ఆపి ఏదో అడిగాడు. మేకపిల్ల చెవిలోకి తొంగి చూశాడు. అన్నీ విచారించుకుంటూ పోయి, బడి వెనక గోపమ్మ వాకిట్లో దూరాడు.

గోపమ్మ ఒంటరిది. ఫ్లోరిన్ నీళ్లకు వెన్ను ఎప్పుడో బిగుసుకుపోయి, తల పైకెత్తే వీలు లేదు. ఆ వాకిలి దాటేటప్పుడు మెర్సీ ఎప్పుడూ కొడుకు మొహాన్ని భుజానికి అదుముకునేది.

ఇప్పుడు ఆ ముసలమ్మ కట్టె పట్టుకుని నడుస్తుంటే, డానియల్ పక్కనే అంతే వంగి, మెడ తిప్పి, కింది నుంచి ఆమె మొహంలోకి చూస్తూ నడుస్తున్నాడు. ఆమె కన్ను గీటితే కిలకిల నవ్వాడు.

"అవ్వా! వానికి నీళ్లు తాపినవా?" అరిచింది మెర్సీ.

గోపమ్మ ఆగింది. "నీలం చెప్పులు... సునీల్ పెండ్లానివా? తాపలే బిడ్డా. నీళ్ల సంగతి నాకంటె నీకు ఎక్కువ ఎరుకనా? దూపైతే మీ అమ్మ కాడికి పో అని తోలిస్త."

మెర్సీ రెండడుగులు దగ్గరికి వేసింది.

"నీ చెప్పులే ఎరుక గని, మొగం ఎట్లుంటదో తెల్వది," అంది గోపమ్మ.

మెర్సీ వెళ్లి కొడుకు పక్కన నేల మీద కూర్చుని, తల పైకెత్తింది. "గిట్లుంటది అవ్వా."

"అబ్బో! పోరడు అచ్చం నువ్వే. ముక్కొక్కటి సునీల్ గానిది."

ఆ పొద్దు నుంచి తల్లీకొడుకులిద్దరూ ఆమె దగ్గరికి పోయి, నల్లా నీళ్ల కడవ లోపల పెట్టి వచ్చేవారు. ఈమధ్యే సునీల్‌కు నల్లగొండలో గిరాకీ కుదిరి, అక్కడే కిరాయి ఇంట్లో దిగారు. డానియల్ ఇప్పుడు తిన్నగా నడుస్తున్నాడు. అయినా మెర్సీ మనసుకు నెమ్మది లేదు. గోపమ్మకు ఫోన్ లేదు, నిండు కడవ లోపలికి తెచ్చుకునే శక్తీ లేదు.

మీరెవరైనా మర్రిగూడ మీదుగా పోతే బడి వెనక రేకుల ఇంటి దగ్గర జర ఆగండి. ఆమె ముందు కింద కూర్చుని పలకరించండి. కడవలో ఉన్నవి నల్లా నీళ్లేనా, పొద్దున ఏమన్నా తిన్నదా, కాస్త చూసి రండి.