ఫ్రెంచి బాతు కోసం

మా మామగారు ఆల్సిడ్ లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. ఈ బాడవల్లో పుట్టి, ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుతూ, వరి పండించి, చలికాలం బాతులు కొట్టేవాళ్ళు మనవాళ్ళు. మిగిలినవాళ్ళంతా అమెరికన్లు. నేను పుట్టింది ఇదే లూసియానాలో, కారులో నాలుగు గంటల దూరాన. అయినా అమెరికన్నే. ఆయన కూతుర్ని చేసుకుని ఆరేళ్ళయినా నన్ను వెండెల్ అని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

ఆయనా, తమ్ముడు ఫెర్డీ యాభై ఏళ్ళు నీళ్ళ మధ్య కట్టుకున్న ఒకే మాటులో పక్కపక్కన కూర్చుని వేటాడారు. ఫెర్డీ పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ డెబ్బై నాలుగేళ్ళ ఈ మనిషి ఒక్కడే పడవేసుకుని వెళ్తున్నాడు. కిందటేడు నడుముదాకా బురదలో దిగబడి, కేకేస్తే పలికే నాథుడు లేక రెండు గంటలు అలాగే ఉండిపోయాడట. అది తెలిసి మా ఆవిడ ఓడీల్ పడవ తాళంచెవి దాచేసింది. తోడు లేనిదే ఇచ్చేది లేదంది. తోడంటే ఇంట్లో ఉన్నది నేనే. కళ్ళద్దాలు అమ్ముకునేవాణ్ణి, తుపాకీ ఏ వైపు పేలుతుందో కూడా సరిగ్గా తెలియనివాణ్ణి.

ముసలాయన నన్ను ఎగాదిగా చూసి కూతురితో బేరం పెట్టాడు.

"ఒక్క పొద్దు తీసుకెళ్తా. ఒక్క బాతు కొడితే ఫెర్డీ చోటు ఇతనిది. కొట్టలేదా, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, నేనొక్కణ్ణే వెళ్తా. మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు."

ఓడీల్ నా వంక చూసిన చూపు చూస్తే బాతునే కాదు, ఏనుగునైనా కొడతానని ఒప్పుకునేవాణ్ణి.

నెల రోజులు కష్టపడ్డాను. తుపాకీ జాగ్రత్తలు నేర్పే తరగతికి వెళ్తే నా పక్కన కూర్చున్నవాళ్ళంతా బడిపిల్లలు. లైసెన్సు తీసుకున్నాను. పెరట్లో ఖాళీ డబ్బాలు కొట్టీ కొట్టీ భుజం కమిలింది. బాతుల్ని పిలిచే పీక ఊదితే మాత్రం పక్కింటి కుక్క ఏడుపందుకునేది. మామగారు ఒకరోజు విని, అది బాతుని పిలవడం కాదు, తిట్టడమని పీక లాగేసుకున్నాడు.

ఆ రోజు తెల్లవారకముందే పడవెక్కాం. మోటారు రొదలో ఆయన కట్టుబాట్లు చెప్పుకుపోయాడు. మాటులో కూర్చున్నాక మాట్లాడకూడదు. తల పైకెత్తకూడదు. చిన్న బాతుల్ని వదిలెయ్యాలి.

"ఫ్రెంచి బాతులు వచ్చేదాకా ఆగు. మొదటి దెబ్బ కొత్తవాడిది. నువ్వు పేల్చేదాకా నా తుపాకీ లేవదు."

ఫ్రెంచి బాతంటే ఏదని అడగబోయి మానుకున్నాను. అడిగితే మరో ఆరేళ్ళు అమెరికన్నై ఉండాలని భయం.

ఎరగా బొమ్మ బాతుల్ని నీళ్ళ మీద వదిలి, జమ్ము కప్పిన మాటులో దూరాం. తెలవారింది. చిన్నవి రెండు గుంపులు వెళ్ళాయి, వదిలేశాను. తరవాత ఆయన పీక ఊదాడు. బాతు గొంతే. ఎక్కడో చుక్కల్లా ఉన్నవి తిరిగి, రెక్కలు ముడిచి, కాళ్ళు చాచి నేరుగా మా ముందు వాలాయి. పద్దెనిమిది.

నాకు ప్రాణం ఉసూరుమంది. అవి పచ్చతల బాతులు. మా ఊరి పార్కు చెరువులో మా అమ్మ రొట్టెముక్కలు వేసేది వీటికే. ఫ్రెంచి బాతంటే ఇంకెంత గొప్పగా ఉంటుందో!

మామగారు నా తొడ గిల్లాడు. ఇవి కావని తలూపాను. ఈసారి మెలిపెట్టి గిల్లాడు. ఓపిక పట్టమని పెదాల మీద వేలు పెట్టి చూపించాను. ఆయన ముఖం కందిపోయింది. పచ్చతలలు పావుగంట బొమ్మల మధ్య తిరిగాయి, ఈకలు సవరించుకున్నాయి, ఒకటి మా మాటు అంచుదాకా వచ్చి నా బూట్లు కూడా చూసింది. తరవాత వాటంతటవే లేచిపోయాయి.

"ఎందుకు కొట్టలేదు?" అన్నాడు.

"అవి పచ్చతలలు కదా మామయ్యా. ఫ్రెంచి బాతులు వచ్చేదాకా ఆగమన్నారుగా."

ఆయన తుపాకీ పక్కన పెట్టి నావైపు తిరిగాడు. "అవే ఫ్రెంచి బాతులు. మా తాతల కాలం నుంచీ వాటినలాగే అంటాం," అన్నాడు.

ఆ మాట పూర్తవుతూనే ఆయనకు నవ్వు వచ్చింది. మొదట భుజాలు కదిలాయి, తరవాత మాటు మొత్తం ఊగింది. జమ్ములో దాక్కున్న పిట్టలన్నీ లేచిపోయాయి. ఇంక ఆ పొద్దుకి బాతు రాదని ఇద్దరికీ తెలుసు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. నా తెలివితక్కువతనం వల్ల ఈయన రేపట్నుంచి ఒంటరిగా ఈ బురదలోకి వస్తాడు.

ఆయన కళ్ళు తుడుచుకుని ఫ్లాస్కులోని కాఫీ ముందు నాకే పోశాడు.

"ఫెర్డీ అయితే రెక్క కనపడితే చాలు, పేల్చేసేవాడు. వాటినింత దగ్గర్నుంచి ఇంతసేపు నేనెప్పుడూ చూడలేదోయ్." తనకీ పోసుకుంటూ అన్నాడు, "వాడు పోయాక ఇక్కడ నవ్వడం ఇదే."

రేవులో ఓడీల్ నిలబడి ఉంది. పడవలోకి తొంగి చూసింది, ఏమీ లేదు. నేను తల దించుకున్నాను. ఆమె కూడా బేరం ప్రకారం నోరెత్తలేదు. మామగారు మెల్లగా ఒడ్డెక్కి, జేబులోంచి తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తగా ఉంచు. రేపు తెల్లవారుజామున నాలుగింటికి మేమొచ్చి తీసుకుంటాం."

మేము అన్నాడు. ఓడీల్ నా ముఖంలోకి చూసింది. కళ్ళెందుకు తడిగా ఉన్నాయని అడిగితే, చలిగాలి కొట్టిందని చెప్పాను.